గోదావరి ఇచ్చిన నెత్తురు

గోదావరి మొదటిసారి మా ల్యాబ్ కిటికీ దగ్గరికి ఒక మాట అడగడానికి వచ్చింది.

నా పేరు రజిని. నిజామాబాద్‌లో ప్రభుత్వ దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం తీసి, పరీక్ష చేసి, రిపోర్టు చేతికివ్వడం నా పని. పొద్దున పూట మా కిటికీ ముందు నిలబడటానికి చోటుండదు. ఆ రోజు జనం పలచబడేదాకా ఆమె ఒక పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నేను కిటికీ మూయబోతుంటే గబగబా వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. సన్నటి మనిషి. వేళ్ల కొసలకు తంబాకు రంగు పట్టి ఉంది. బీడీలు చేసే ఇంటి పిల్ల అని చూడగానే తెలిసిపోయింది.

“అక్కా, ప్రోటీన్ అంటే ఏంది?” అని అడిగింది.

“ఎందుకమ్మా? రిపోర్టు ఏమన్నా తెచ్చినవా?”

“రిపోర్టు లేదు. మొన్న నా కాన్పప్పుడు నెత్తుట్లకెల్లి ప్రోటీన్ పోయిందన్నరు. ఎటు పోయింది, ఎందుకు పోయింది అని ఎవ్వల్ని అడిగినా గుడ్లు తినమంటున్నరు. తింటనే ఉన్న. కని నాకు గది తెల్వాలె.”

నా నౌకరీలో అంకె ఎక్కువుందా తక్కువుందా అని అడిగినవాళ్లను చూశాను. మంచిదేనా, భయం లేదు గదా అని అడిగినవాళ్లను చూశాను. అసలు అదేమిటి అని అడిగిన మనిషి ఈమె ఒక్కతే. లోపలికి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పింది తన సంగతంతా.

బోధన్ అవతల, మంజీర వైపు ఉండే ఊరు వాళ్లది. తండ్రి భూమన్న చెరుకు రైతు. ఊరంతా చెరుకే వేసిన రోజుల్లో పుట్టింది గోదావరి. బోధన్ ఫ్యాక్టరీకి పోయే బండ్ల వెనక నడుస్తూ చెరుకు ముక్కలు నమిలిన చిన్నతనం. ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామంది వరి వైపు తిరిగారు. భూమన్న మాత్రం ఒక మడి చెరుకు వదలకుండా, దూరంలోని వేరే ఫ్యాక్టరీకి పంపుతూ వచ్చాడు. ఆడపిల్లలిద్దరినీ చదివించాడు. గోదావరి బోధన్‌లో బైపీసీ తీసుకుని ఇంటర్ పూర్తి చేసింది. ఆ తర్వాత నిజామాబాద్ గాజుల్‌పేటలో ఉండే వేణుతో పెళ్లయింది. వేణు ట్రాలీ ఆటో నడుపుతాడు. అతని తల్లి వెంకటవ్వ బీడీలు చేసి, భర్త లేని ఇంటిని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. కోడలికి కూడా చాట ఒళ్లో పెట్టి, ఆకు కత్తిరించడం నుంచి దారం చుట్టడం దాకా ఆమే నేర్పింది.

మొదటి కాన్పుకు గోదావరి తల్లిగారింటికి పోయింది. ఎనిమిదో నెలలో కాళ్లు వాచాయి. ఆ తర్వాత చేతులు, ఆ తర్వాత ముఖం. చూడొచ్చిన ఆడవాళ్లు సంతోషపడ్డారు. తల్లిగారింటి తిండి ఒంటబట్టింది, పిల్ల నిండుగా అయింది అన్నారు. తల పగిలిపోయే నొప్పి అంటే ఎండకు తిరిగావన్నారు. కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నాయంటే నిద్ర చాలలేదన్నారు. రెండు రోజులకు ఫిట్స్ వచ్చాయి. 108 బండిలో మా దవాఖానకు తెచ్చారు. డాక్టర్లు ఆమెను బతికించారు. బిడ్డ మాత్రం దక్కలేదు.

తెలివి వచ్చాక మంచం చుట్టూ వినబడిన మాటలు ఆమె మనసులో అట్లాగే ఉండిపోయాయి. బీపీ పెరిగింది, మూత్రంలో ప్రోటీన్ పోతోంది, రక్తంలో ప్రోటీన్ బాగా పడిపోయింది. ఆ మాటలు ఇంటికి చేరేసరికి తిండి మాటలుగా మారాయి. వెంకటవ్వ కోడలి తల్లిని పట్టుకుని, “మీ ఇంట్ల నా కోడలికి ఒక గుడ్డు పెట్టబుద్ధి కాలేదా? పాలు పొయ్యబుద్ధి కాలేదా?” అని నలుగురిలో నిలదీసింది. ఆ తల్లి మళ్లీ గాజుల్‌పేట గడప తొక్కలేదు. గోదావరి ఎవరినీ ఏమీ అనలేదు. వేవిళ్లప్పుడు గుడ్డు వాసన పడక పక్కకు పెట్టిన పళ్లేలు, తాగలేక తమ్ముడి వరస పిల్లలకు ఇచ్చేసిన పాలు ఆమెకు గుర్తుకొస్తూనే ఉన్నాయి. బిడ్డను తానే చంపుకున్నానని లోలోపల నమ్ముతోంది.

ఆ మాట విన్నాక నేనిక కూర్చోలేకపోయాను. ఆమె చెయ్యి పట్టుకుని మెటర్నిటీ వార్డుకు తీసుకుపోయాను. అక్కడ అంకిత అని ఒక డాక్టర్ ఉంది. ప్రసూతి విభాగంలో పీజీ చేస్తోంది, మన జిల్లా పిల్లే. గర్భిణుల రక్తంలో ప్రోటీన్లు నెలనెలా ఎట్లా మారతాయి, నొప్పులప్పుడు ఎట్లా మారతాయి అనేదే ఆమె పరిశోధన. నమూనాలు నా దగ్గరికే వచ్చేవి కాబట్టి నాకు బాగా తెలుసు.

అంకిత రౌండ్స్ ముగించుకుని వచ్చి వరండా బెంచీ మీద గోదావరి పక్కనే కూర్చుంది. తొందరపడకుండా చెప్పింది.

“చూడు గోదావరీ, ప్రోటీన్లను నీ కాలేయమే తయారుచేస్తది. రక్తంలో నీళ్లు రక్తంలోనే ఉండేటట్టు పట్టి ఉంచేది ఆ ప్రోటీనే. అది తగ్గితే నీళ్లు బయటికి ఊరి ఒళ్లు వాస్తది. నీ కిడ్నీలు జల్లెడ లాంటివి. ప్రోటీన్‌ను కిందికి పోనియ్యవు. నీకు వచ్చిన జబ్బు, కడుపుల బిడ్డకు రక్తం అందించే మాయ దగ్గర మొదలైంది. అది నీ రక్తనాళాలను పాడుచేసింది, బీపీ పెంచింది, ఆ జల్లెడ రంధ్రాలను పెద్దవి చేసింది. అందుకే ప్రోటీన్ కారిపోయింది.”

“మరి గుడ్లు తినకపోతే?”

“గుడ్లు తినుడు మంచిదే. కానీ నువ్వు బుట్టెడు గుడ్లు తిన్నా ఆ జబ్బు ఆగకపోయేది. ఇది నువ్వు చేసిన తప్పు కాదు, మీ అమ్మ చేసిన తప్పు కాదు.”

గోదావరి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత అడిగింది. “మేడం, ఈ మాట మా అత్తమ్మకు కూడ చెప్తరా?”

మర్నాడు వెంకటవ్వను తీసుకొచ్చింది. ఆ ముసలమ్మ అంకిత ముందు కొంగు నడుముకు చుట్టుకుని, కొట్లాటకు వచ్చినట్టే కూర్చుంది. అంకిత మళ్లీ మొదటినుంచి చెప్పింది. వెంకటవ్వ రెండే మాటలు అడిగింది. “అయితే తిండితోని కాదా?” “కాదమ్మా.” “నిజంగనేనా?” “నిజంగనే.” లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే ఎవరికీ చెప్పకుండా ఒక్కతే బోధన్ బస్సెక్కింది. అక్కడినుంచి కోడలి తల్లిగారి ఊరికి పోయి, వాళ్ల అరుగు మీద కూర్చుని, “వదినా, తప్పు మాటన్న నిన్ను. నీ బువ్వల ఏం లోపం లేదంట. పెద్ద డాక్టరే చెప్పింది. నీ ఇంట్ల ఇన్ని చాయ నీళ్లు పోస్తవా నాకు?” అన్నదట. ఇద్దరూ చాయ తాగి ఏడ్చారట. ఈ సంగతి గోదావరి నాకు చెప్పినప్పుడు ఆమె ముఖంలో మొదటిసారి నవ్వు చూశాను.

ఆ తర్వాత రెండో ఏడు మళ్లీ నెల తప్పింది. ఈసారి ఇంట్లో ఎవరికన్నా ముందు మా కిటికీ దగ్గరికే వచ్చి చెప్పింది. అంకిత చూసి, మొదటి కాన్పులో ఆ జబ్బు వచ్చినవాళ్లకు మళ్లీ రావచ్చు కాబట్టి మూడో నెల నుంచి చిన్న ఆస్ప్రిన్ మాత్ర మొదలుపెట్టింది. బీపీ తరచుగా చూపించుకోమంది. తంబాకు దుమ్ముకు దూరంగా ఉండమంది. వెంకటవ్వ అప్పటికప్పుడే కోడలి చాట తీసి అటక మీద పెట్టేసి, తన బీడీలతో పాటు కోడలి వంతు బీడీలు కూడా తనే చేయడం మొదలుపెట్టింది.

అంకిత పరిశోధనలో రెండు రకాల ఆడవాళ్లు కావాలి. ఏ ఇబ్బందీ లేనివాళ్లు, అంతకుముందు ఇబ్బంది పడ్డవాళ్లు. మొదటి నెలల్లో, మధ్యలో, నెలలు నిండేటప్పుడు, కాన్పు నొప్పుల్లో, కాన్పయ్యాక కొన్ని వారాలకు రక్తం ఇవ్వాలి. నొప్పుల్లో ఇవ్వడం దగ్గరే చాలామంది వెనక్కి తగ్గేవారు. ఒప్పుకున్నవాళ్లను కూడా ఆ గడియలో ఇంటివాళ్లు ఆపేవారు. ఇబ్బంది పడ్డవాళ్లలో అయితే ఒక్కరు కూడా చివరిదాకా నిలవలేదు. ఈ విషయం అంకిత దాచకుండా గోదావరికి చెప్పింది. ఇష్టం లేకపోతే ఇవ్వనవసరం లేదని, ఇవ్వకపోయినా వైద్యంలో ఏ తేడా ఉండదని కూడా చెప్పింది.

గోదావరి ఆలోచించడానికి గడువు అడగలేదు. “ఇస్త మేడం. నాకేమైందో నాకు తెల్వకుంటనే ఒకసారి అయిపోయింది. గిప్పుడన్న తెల్వాలె” అంది.

గాజుల్‌పేట గల్లీలో మాత్రం గోల లేచింది. కడుపుతో ఉన్న మనిషి నుంచి మాటిమాటికీ నెత్తురు తీస్తారా, పిల్లకు ఏం మిగులుతుంది అన్నారు. వెంకటవ్వకు కూడా కొంచెం అనుమానం పట్టుకుంది. ఒక చిన్న గొట్టంలో తీసే నెత్తురు ఒంటికి లెక్కలోకి రాదని నేను ఇంటికి పోయి చెప్పి వచ్చాను. అయినా అనుమానం తీరలేదు. దానికి తోడు ఆరో నెల పరీక్షలో ప్రోటీన్ మునుపటికంటే తగ్గిందని తేలింది. వెంకటవ్వ గుండెలు బాదుకుంటూ దవాఖానకు వచ్చింది.

ఆ రోజు అంకిత ఆపరేషన్ థియేటర్‌లో ఉంది. నేను చెప్పబోతుంటే గోదావరే అత్తను పక్కన కూర్చోబెట్టుకుంది.

“అత్తమ్మా, ఇంటికి చుట్టాలొస్తే పప్పుల ఇన్ని నీళ్లు పోస్తవా లేదా?”

“పోస్త.”

“పప్పు తగ్గిందా?”

“తగ్గలే. పలచనైతది.”

“గంతే. లోపల చుట్టం వచ్చింది గద. నా పెయ్యిల నెత్తుటి నీళ్లు పెరిగినయ్. అందుకే ప్రోటీన్ పలచగ కనబడుతున్నది. ఇది అందరికీ అయ్యేదే. నాకు ముందుగాల అయింది గిట్ల కాదు, అది కారిపోవుడు. మూత్రంల ఏం పోతలేదు, బీపీ మంచిగున్నది. అవి రెండు సక్కగున్నన్ని రోజులు ఫికర్ లేదు.”

ఆ మాటలు అంకిత ఆమెకు విడమరచి చెప్పినవే. పప్పు మాత్రం గోదావరిది. వెంకటవ్వ నా వైపు చూసింది. నేను తలూపాను. ఆ సాయంత్రం నుంచి గల్లీలో ఎవరడిగినా వెంకటవ్వే పప్పు కథ చెప్పేది.

నెలలు దగ్గరపడ్డాయి. చెరుకు కోతల కాలం. తల్లిగారి ఊళ్లో గోదావరి చెల్లెలికి నిశ్చితార్థం పెట్టుకున్నారు. బీపీ చూసి, ఒక్క పూట ఉండి రమ్మని అంకిత ఒప్పుకుంది. శనివారం అత్త, కోడలు కలిసి వెళ్లారు. వేణు కిరాయి ముగించుకుని మర్నాడు వస్తానన్నాడు.

ఆదివారం పొద్దున ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. పెరట్లో పెద్ద గిన్నెలు పొయ్యి మీదికెక్కాయి. గోదావరి ముఖం కడుక్కుని అద్దం ముందు నిలబడింది. కళ్ల కింద ఉబ్బు కనిపించింది. గాజులు చేతికి పట్టేశాయి. నుదుటి మీద నొప్పి సన్నగా మొదలైంది. చుట్టూ ఉన్నవాళ్లు రాత్రి నిద్ర లేక అట్లా ఉంది, చాయ తాగి పడుకో అన్నారు. పెళ్లి పెద్దలు వచ్చే వేళ ఇంట్లోంచి కదలడం బాగుండదని ఒకామె గొణిగింది.

గోదావరి పెరట్లోకి పోయి తండ్రిని పిలిచింది.

“బాపూ, నాకు తలకాయ నొస్తున్నది. మొఖం వాచింది. ముందటిసారి గిట్లనే అయింది. నన్ను ఇప్పుడే నిజామాబాద్ కొంచవోవాలె.”

భూమన్న చేతిలోని గరిటె పక్కకు పెట్టాడు. చెల్లెలు అక్కడే ఉంది. “పో బాపూ. పెండ్లోళ్లకు నేను చెప్పుకుంట” అంది ఆ పిల్ల.

పక్క పొలం బాపురావుకు కారుంది. మహారాష్ట్ర సరిహద్దు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. సంగతి వినగానే తాళాలు తీసుకుని బయటికొచ్చాడు. వెనక సీట్లో గోదావరి, వెంకటవ్వ. ముందు భూమన్న. ఎడపల్లి దాటకముందే రోడ్డు ఆగిపోయింది. చెరుకు ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఎక్కడో ముందర ఒక ట్రాలీ టైరు పేలి అడ్డం తిరిగింది. బాపురావు హారన్ మీద చెయ్యి తీయకుండా కొట్టినా లాభం లేదు.

భూమన్న దిగాడు. ట్రాక్టర్ల వెంట నడుస్తూ ఒక్కొక్క డ్రైవర్ దగ్గరా ఆగాడు. “తమ్మీ, నా బిడ్డ నిండు గర్భిణి. పానం మీదికొచ్చింది. జర పక్కకు తియ్యి” అని అడిగాడు. ఏళ్ల తరబడి చెరుకు తోలిన మనిషి కదా, సగం మంది ఆయనకు తెలిసినవాళ్లే. “భూమన్న బిడ్డ అంట, తియ్యిర్రి” అని ఒకరికొకరు కేకలేసుకున్నారు. నిండా చెరుకుతో ఉన్న ట్రాలీలను ఒక్కొక్కటిగా రోడ్డు దింపి మట్టి బాటలోకి తీశారు. అడ్డం తిరిగిన ట్రాలీ పక్క నుంచి కారు పట్టేంత సందు చేశారు. భూమన్న ముందర నడుస్తుంటే కారు ఆయన వెనకే మెల్లగా ఆ సందు దాటింది. ఈ ముచ్చట బాపురావు ఇప్పటికీ మరాఠీ కలిపిన తెలుగులో కథలాగా చెబుతాడు.

నేను చర్చిలో ఉన్నాను. ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే అంకిత ఫోన్ చేసింది. “రజిని గారూ, గోదావరి వచ్చింది. బీపీ బాగా ఎక్కువుంది, మూత్రంలో ప్రోటీన్ కనబడుతోంది. మీరు వస్తారా? డ్యూటీలో వేరేవాళ్లున్నారు గానీ, ఆమె మీ పేరే అడుగుతోంది.” చర్చి చీరతోనే ఆటో ఎక్కాను.

నేను పోయేసరికి బీపీ మందు, ఫిట్స్ రాకుండా ఇంజెక్షన్ ఇచ్చేశారు. సమయానికి రావడం వల్ల జబ్బు ఇంకా ముదరలేదని, కాన్పు చేయించడమే మంచిదని పెద్ద డాక్టరమ్మ నిర్ణయించింది. నొప్పులు రావడానికి మందు పెట్టారు. మధ్యాహ్నానికి నొప్పులు మొదలయ్యాయి.

డాక్టర్లు అడిగిన అత్యవసర పరీక్షలకు రక్తం తీసి పంపాను. లేబర్ రూమ్ బయట అంకిత నాతో మెల్లగా, “పరిశోధన నమూనా వదిలేద్దాం. ఆమె పరిస్థితి ఇది. అడగడం నాకిష్టం లేదు” అంది. నాకూ అదే సరైనదనిపించింది.

కాసేపటికి లోపలికి పోయాను. గోదావరి నొప్పికి మంచం కడ్డీని పట్టుకుని ఉంది. చెమటతో జుట్టంతా నుదుటికి అంటుకుంది. వెంకటవ్వ కోడలి నడుము రుద్దుతోంది. నన్ను చూడగానే గోదావరి అడిగింది.

“అక్కా, ఆ గొట్టం ఏది? నొప్పులల్ల తీసేది?”

“అది వద్దన్నరు మేడం, బిడ్డా. పొద్దుగాల సంది నీకు అయిన కష్టం చాలు.”

నొప్పి వచ్చింది. పళ్లు బిగబట్టి అది తగ్గేదాకా ఆగింది. తర్వాత ఒక్కొక్క మాటే విడిగా పలికింది.

“వద్దంటే ఎట్లక్కా? మంచిగున్నోళ్లు కొంతమందన్న ఇచ్చిండ్రు. నాలెక్క అయినోళ్లది ఎవ్వలిదీ లేదని మేడమే చెప్పింది. నేను ఇయ్యకపోతే ఎవ్వలిస్తరు? నా తీరుగ ఇంకొక పిల్ల వాస్తే, డాక్టర్లకు ఎట్ల ఎరుకైతది?”

అంకిత గుమ్మంలో నిలబడి వింటోంది. ముందుకొచ్చి, “గోదావరీ, నువ్వు నిజంగా ఇవ్వాలనుకుంటున్నవా? వద్దంటే ఎవ్వరూ ఏమనరు” అంది.

“నేనే ఇస్తున్న మేడం. మీరు అడగలేదు.”

నేను వెంకటవ్వ వైపు చూశాను. అడ్డుపడుతుందేమో అనుకున్నాను. ఆమె కోడలి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, మోచేయి కింద తన కొంగు మడతపెట్టి, కదలకుండా నా ముందుకు పెట్టింది. “తియ్యి బిడ్డా. నేను పట్టుకుంట. నొప్పి నొప్పికి మధ్యన తియ్యి” అంది. నా చేతితో ఎన్ని వేలమందికి సూది గుచ్చానో. ఆ ఒక్క గొట్టం నిండుతుంటే మాత్రం నాకు కళ్లు మసకబారాయి.

పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. చిన్న పిల్లే, కానీ గొంతు మాత్రం వరండా దాకా వినబడింది. బయట వేణు, భూమన్న ఒకేసారి లేచి నిలబడ్డారట. వెంకటవ్వ బయటికొచ్చి, “ఇద్దరు మంచిగున్నరు. ఆడపిల్ల” అని చెప్పి అక్కడే నేల మీద కూలబడింది. ఊరికి ఫోన్ చేస్తే అక్కడ నిశ్చితార్థం కూడా అయిపోయింది. పెళ్లివారే అక్క ఎట్లా ఉందని పదేపదే అడిగారట.

బీపీ దిగడానికి కొన్ని రోజులు పట్టింది. గోదావరి కోలుకుని కూర్చున్నాక అంకిత వచ్చి నమూనాల ఫలితాలు చెప్పింది. ఏది తగ్గిందో, ఎక్కడ కారడం మొదలైందో చెప్పింది. ఆ తర్వాత ఇంకో మాట చెప్పింది. రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్ ఒకటి ఉంటుంది. మిగతావి పలచబడుతున్నా, గర్భం మొదలైనప్పటినుంచి అది మాత్రం పెరుగుతూ పోతుంది. మాయ ఊడే గడియలో తల్లి నెత్తురు ఆగకుండా పోకూడదని శరీరం నెలల ముందే చేసుకునే ఏర్పాటు అది. ఒంటికి దెబ్బ తగిలినప్పుడు పనిచేసే ప్రోటీన్లు కూడా నొప్పుల్లో పెరుగుతాయి.

గోదావరి తన చేతుల వైపు చూసుకుంది. “నేను చెప్పకుంటనే చేసిందా ఇదంత?”

“నువ్వు చెప్పకుంటనే.”

“నా పెయ్యిల గింత తెలివున్నదా మేడం!” అంది. తిండి తప్పు కాదని తెలిశాక కూడా, తన ఒళ్లే బిడ్డను చంపిందని లోలోపల నమ్ముతూ వచ్చిన మనిషి ఆమె. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో వినబడిన గర్వాన్ని నేను ఎట్లా రాయాలో తెలియదు.

కొన్ని వారాలకు పిల్లను చంకనేసుకుని చివరి నమూనా ఇవ్వడానికి వచ్చింది. ప్రోటీన్ మళ్లీ మామూలు స్థాయికి చేరింది. మూత్రం శుభ్రంగా ఉంది. పిల్లకు నిఖిత అని పేరు పెట్టుకున్నారు.

అక్కడితో ఆమె పని అయిపోయింది. ఆమె మాత్రం ఆగలేదు. గాజుల్‌పేటలో బీడీలు ఇచ్చే కార్ఖానా దగ్గర సాయంత్రం ఆడవాళ్లంతా చేరతారు. అక్కడికి పిల్లతో పోయి కూర్చుని, కడుపుతో ఉన్నవాళ్లను వెతికి మరీ మాట్లాడేది. కాళ్ల వాపు వేరు, ముఖం వాపు వేరని, తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు వస్తే చాయ తాగి పడుకోవద్దని, వెంటనే దవాఖానకు పోవాలని చెప్పేది. నెత్తురు ఇస్తే ఏమవుతుందని అడిగితే నిఖితను ఎత్తి చూపించేది. ఒకరొకరే రావడం మొదలుపెట్టారు. ఒక దశలో మా ల్యాబ్‌లో గాజుల్‌పేట పేర్లే ఎక్కువ కనిపించేవి. మొదట ఇబ్బంది పడి మళ్లీ గర్భం దాల్చినవాళ్లు కూడా వచ్చారు. అట్లాంటివాళ్లలో నొప్పుల్లో చెయ్యి చాపినవాళ్లకు గోదావరే మొదలు. ఆమె తర్వాత చాలామంది చాపారు. వాళ్లలో ఒకామెకు ఎనిమిదో నెలలో ప్రోటీన్ పడిపోవడం పరీక్షలో ముందే తెలిసి, ఫిట్స్ దాకా పోకుండా కాన్పు చేశారు. ఆమె కొడుకు ఇప్పుడు నడుస్తున్నాడు.

అంకిత పరిశోధన పూర్తయినప్పుడు కాలేజీ హాల్లో సభ పెట్టారు. మామూలుగా అట్లాంటి సభలకు డాక్టర్లే వస్తారు. నెత్తురు ఇచ్చిన ఆడవాళ్లు ముందు వరసలో కూర్చోకపోతే తాను వేదిక ఎక్కనని అంకిత పట్టుబట్టింది. అట్లా గాజుల్‌పేట ఆడవాళ్లు మంచి చీరలు కట్టుకుని, పిల్లలను ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ల వెనక ప్రొఫెసర్లు.

తెర మీద రెండు గీతలు వచ్చాయి. ఒకటి మామూలు కాన్పులది. మెల్లగా దిగి, కాన్పయ్యాక మళ్లీ పైకెక్కింది. రెండోది కొంతదూరం మొదటిదాని వెంటే నడిచి, ఒక చోట జారిపోయింది. అంకిత ఆ చోట వేలు పెట్టి, “ఈ భాగం మన దగ్గర ఇంతకుముందు లేదు. ఒక తల్లి ప్రాణాపాయంలో ఉండి కూడా, నేను అడగకుండానే ఇచ్చిన నమూనాతో ఇది మొదలైంది” అని చెప్పింది. పేరు చెప్పలేదు. రోగుల పేర్లు చెప్పకూడదు.

ముందు వరసలోంచి వెంకటవ్వ లేచి నిలబడింది. “గది మా కోడలే!” అంది హాలంతా వినబడేటట్టు. గోదావరి కొంగు పట్టి గుంజినా కూర్చోలేదు. “నేనే చెయ్యి పట్టుకున్న” అని కూడా చెప్పింది. ముందు నవ్వులు, ఆ తర్వాత చప్పట్లు. వెనక వరసలోని పెద్ద డాక్టరమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆమెను చూసి అందరూ లేచారు.

గోదావరిని రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడి కాసేపు తడబడింది. తర్వాత చెప్పింది. “మాకు ఏం తెల్వదని ఎవ్వలు చెప్పకపోతురు. మేము అడగమని అనుకుంటరు. మేము అడుగుతం. మాకు చెప్తే మేము కూడ మా వంతు ఇస్తం. మీరు మా నెత్తురుతోని ఏం తెలుసుకున్నరో, గది మా గల్లీల కూడ చెప్పుర్రి.” అంతే మాట్లాడి, చంకలో పిల్లను సర్దుకుంటూ వచ్చి కూర్చుంది.

భూమన్న తెల్ల ధోవతి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఊరి నుంచి వచ్చాడు. సభ అయినంతసేపు వెనక గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు, కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. సాయంత్రం ఆయనను బస్టాండులో దింపడానికి నేను, వేణు వెళ్లాం. బోధన్ బస్సులో సీటు దొరికింది. పక్కన కూర్చున్న మనిషి ఎవరో మాకు తెలియదు, ఆయనకూ తెలియదు. బస్సు కదలకముందే భూమన్న ఆయన వైపు తిరిగి చెప్పడం కిటికీలోంచి వినిపించింది.

“మా పెద్దబిడ్డ ఇచ్చిన నెత్తురుతోని ఇయ్యాల గంత పెద్ద డాక్టర్లు పాఠం నేర్సుకున్నరు. నేను నా కండ్లతోని చూసిన.”